గుమ్మంలో గడియారం

*ఫోన్ చేస్తే 108 వస్తోంది. పెద్దాసుపత్రి గుమ్మం దాకా మనిషిని ప్రాణాలతో చేరుస్తోంది. ఆ గుమ్మం నుంచి డాక్టరు చెయ్యి పడేదాకా గడిచే సమయాన్ని మాత్రం ఎవరూ రాసిపెట్టడం లేదు.*

రాత్రి తొమ్మిదిన్నర. ఏ జిల్లా పెద్దాసుపత్రి అయినా అనుకోండి. సైరన్ ఆపుకుని 108 బండి క్యాజువాలిటీ ముందు ఆగింది. వెనక తలుపు తీసి ఈఎంటీ (బండిలోని ఎమర్జెన్సీ టెక్నీషియన్) కిందికి దూకాడు. లోపల యాభై ఏళ్ల మనిషి. పొలం నుంచి బైకు మీద ఇంటికి వస్తుంటే ట్రాక్టరు ట్రాలీ తగిలింది. తలకు కట్టు, మెడకు కాలరు, చేతికి సెలైన్. ఆ సీసా పైకెత్తి పట్టుకుని పక్కనే భార్య.

లోపల స్ట్రెచర్లు ఖాళీ లేవు. తమ స్ట్రెచర్ మీద నుంచి మనిషిని దించితే తప్ప 108 బండి కదలదు. బండి నడిపే పైలట్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. అతని ఫోన్ మోగుతోంది, ఇంకో ఊళ్లో ఇంకో కేసు. కొడుకు చీటీ కోసం పరిగెత్తాడు. కౌంటర్ దగ్గర అప్పటికే ఆరుగురున్నారు. పేరు, వయసు, ఊరు, ఆధార్. చీటీ తెచ్చి చూపిస్తే, "యాక్సిడెంట్ కేసు కదా బాబూ, ఎమ్మెల్సీ, అంటే మెడికో లీగల్ కేసు అవుతుంది, పోలీసు అవుట్‌పోస్టులో చెప్పి రా" అన్నారు. చెప్పి వచ్చాడు. సీటీ స్కాన్ గది ముందు చక్రాల కుర్చీలు వరసకట్టి ఉన్నాయి. స్కాన్ అయ్యాక చూడాల్సిన న్యూరోసర్జరీ పీజీ థియేటర్లో ఉన్నాడు.

క్యాజువాలిటీలో హౌస్ సర్జన్ ఒక్కతే ఉంది. పొద్దున డ్యూటీ ఎక్కిన పిల్ల. ఒక మంచం మీద పురుగుమందు తాగిన కుర్రాడు, పక్క మంచం మీద పాము కరిచిన ముసలమ్మ, మూల బెంచీ మీద ఫిట్స్ వచ్చిన బిడ్డను ఒళ్లో పెట్టుకున్న తల్లి. "డాక్టరమ్మా, ఒక్కసారి మా ఆయన్ని చూడు తల్లీ" అని భార్య పిలిచిన ప్రతిసారీ "వస్తున్నానమ్మా" అంటోంది. రావాలనే ఉంది. కదిలే వీలు లేదు.

సీనియర్ డాక్టరు వచ్చి ఆ మనిషి కళ్లల్లో టార్చి వేసి చూసేసరికి పదకొండున్నర అయింది.

అక్కడ పని ఎగ్గొట్టినవాళ్లు ఒక్కరూ లేరు. కౌంటర్ గుమస్తా, సిస్టర్, వార్డు బాయ్, స్కాన్ టెక్నీషియన్, అందరూ ఊపిరాడకుండా పనిచేస్తూనే ఉన్నారు. అయినా రెండు గంటలు పోయాయి. ఇలాంటి వీడియో ఒకటి ఫోన్లలో తిరిగినప్పుడల్లా ఒక డ్యూటీ డాక్టరుకు మెమో వస్తుంది, ఒక అధికారి ఆకస్మిక తనిఖీకి వెళ్తాడు. వారం తిరిగేసరికి అదే గుమ్మం, అదే గుంపు. ఎవరో ఒకరి నిర్లక్ష్యం అనుకున్నంతకాలం ఈ రెండు గంటలూ దొరకవు.

రోడ్డు గెలిచింది, గుమ్మం ఓడింది

ఇరవై ఏళ్ల కిందట దెబ్బలు తగిలినవాణ్ణి ఆటోలోనో, ట్రాక్టరులోనో, దారినపోయే లారీలోనో వేసుకుని వెళ్లేవాళ్లం. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఆ తీరు మార్చేసింది. ఇక్కడ నిలదొక్కుకున్న పద్ధతిని చూసి దేశంలో చాలా రాష్ట్రాలు అందుకున్నాయి. ఈ విషయంలో తెలుగువాళ్లు గర్వపడటానికి పూర్తి హక్కుంది.

కానీ ఆసుపత్రి గుమ్మం లోపలి భాగం అంత వేగంగా మారలేదు. క్యాజువాలిటీ అంటే చాలాకాలం ఒక బల్ల, ఒక మెడికల్ ఆఫీసరు, ఒక రిజిస్టరు. ఆయన చూసి, ఇది సర్జరీకి, ఇది మెడిసిన్‌కి, ఇది ఎముకల వార్డుకి అని రాసి పంపాలి. ఆ విభాగం వాళ్లు వచ్చేదాకా రోగి ఎవరి రోగీ కాదు. అత్యవసర వైద్యాన్ని విడిగా ఒక పీజీ కోర్సుగా మన మెడికల్ కౌన్సిల్ గుర్తించిందే 2009లో. వచ్చినవాణ్ణి వచ్చినట్టు అందుకుని, ఊపిరి, రక్తపోటు నిలబెట్టి, ఆ తర్వాత ఎవరికి అప్పగించాలో తేల్చే శిక్షణ ఉన్న డాక్టర్లు ఇప్పుడిప్పుడే తయారవుతున్నారు. వాళ్లలో చాలామందిని కార్పొరేట్ ఆసుపత్రులే తీసుకుంటున్నాయి.

నీతి ఆయోగ్ కోసం ఢిల్లీ ఎయిమ్స్ దేశంలోని 100 ఆసుపత్రులను పరిశీలించి ఇచ్చిన నివేదిక 2021 చివర్లో బయటికి వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరే రోగుల్లో 19 నుంచి 24 శాతం మంది అత్యవసర విభాగం మీదుగానే వస్తున్నారట. ఆ విభాగానికి ఉన్న పడకలు మాత్రం మొత్తంలో 3 నుంచి 5 శాతం. ప్రతి రాత్రీ ఆ గుమ్మంలో కనిపించే గుంపు ఈ తేడాలో నుంచే పుడుతోంది.

ముందు ఎవరిని చూడాలి?

వేచి ఉండటం అనేది పూర్తిగా పోదు. ఏ దేశంలోనూ పోలేదు. ఎవరు ఆగగలరో, ఎవరు ఆగలేరో గుమ్మంలోనే తేల్చడం మొదటి పని. రెండు వందల ఏళ్ల కిందట నెపోలియన్ సైన్యంలో సర్జన్‌గా పనిచేసిన లారే, గాయపడినవాళ్లలో హోదా చూడకుండా గాయం తీవ్రత చూసి వరస పెట్టాడు. రోగులను ఇలా వరసపెట్టే నేటి ట్రయాజ్‌కు మూలం అదే. ఢిల్లీ ఎయిమ్స్ ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగులతో సులువైన పద్ధతి ఒకటి తయారుచేసుకుంది. ఎరుపు అంటే ఇప్పుడే, పసుపు అంటే త్వరగా, ఆకుపచ్చ అంటే కాసేపు ఆగినా ప్రమాదం లేదు.

దీనికి కోట్లు అక్కర్లేదు. అనుభవమున్న ఒక సిస్టర్, బీపీ మిషను, వేలికి పెట్టే ఆక్సీమీటరు, మనిషికి రెండు మూడు నిమిషాలు చాలు. అది లేనిచోట వరస ఎలా నడుస్తుందో అందరం చూసిందే. వెంట పదిమంది వచ్చినవాడు ముందు. ఎమ్మెల్యే ఆఫీసు నుంచి ఫోన్ చేయించినవాడు ఇంకా ముందు. గట్టిగా అరిచినవాడు ఆ తర్వాత. ఈ వరసలో అందరికంటే వెనకబడేది నోరులేనివాళ్లు. ఏడ్చే బిడ్డకు ఊపిరి ఆడుతోందని అర్థం. తల్లి భుజం మీద ఉలుకూ పలుకూ లేకుండా వాలిపోయిన బిడ్డ దగ్గరికే ముందు పరిగెత్తాలి. కడుపులో రక్తం కారుతున్నవాడు తరచూ మగతగా, మౌనంగానే ఉంటాడు. గుంపు మధ్యలో ఆ మౌనాన్ని పట్టుకునే కన్ను ఒకటి గుమ్మంలో ఉండాలి.

ఇంకో మాట. ఆకుపచ్చ చీటీ ఇచ్చి కూర్చోబెట్టినవాళ్లకు ఎందుకు కూర్చోబెట్టామో, సుమారు ఎంతసేపు పడుతుందో చెప్పాలి. డ్యూటీ డాక్టర్ల మీద దాడి జరిగిన ప్రతిసారీ జూనియర్ డాక్టర్లు రోడ్డెక్కుతారు, ఎక్కాలి కూడా. దాడి ఎప్పుడూ నేరమే. అయితే గంటసేపు ఎవరూ ఒక్క మాటా చెప్పకపోతే, పక్క మంచం వాణ్ణి ముందు చూస్తుంటే, రోగి వెంట వచ్చినవాళ్ల మనసులో 'మావాణ్ణి వదిలేశారు' అన్న భయం పుడుతుంది. కోపం ఆ భయంలోంచే వస్తుంది. సిస్టర్ వచ్చి "పెద్దాయన బీపీ బాగుంది, లోపల గుండెపోటు కేసు చూస్తున్నారు, తర్వాత మీదే" అంటే ఆ భయం సగం తగ్గుతుంది. మాట్లాడటం కూడా వైద్యంలో భాగమే. ఆ పనికి మనిషిని కేటాయించకపోవడం పొదుపు అనిపించుకోదు.

> చట్టం ఎప్పుడో చెప్పింది
>
> 1989: స్కూటరు మీద వెళ్తూ కారు ఢీకొని పడిపోయిన వ్యక్తిని ఆసుపత్రికి తీసుకెళ్తే, మెడికో లీగల్ కేసులు ఇక్కడ చూడం, 20 కిలోమీటర్ల అవతల ఉన్న మరో ఆసుపత్రికి వెళ్లమన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: ముందు వైద్యం, తర్వాతే పోలీసులు, కాగితాలు. ప్రభుత్వ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ఇదే వర్తిస్తుంది.
>
> 2019: మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ ప్రకారం, క్షతగాత్రుణ్ణి మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టకూడదు. పేరు, వివరాలు చెప్పమని బలవంతపెట్టకూడదు.
>
> 2025: రోడ్డు ప్రమాద బాధితులకు, ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, లక్షా 50 వేల రూపాయల దాకా నగదు చెల్లించకుండా చికిత్స పొందే పథకాన్ని కేంద్రం మే నెలలో నోటిఫై చేసింది.

గొళ్లెం లోపల పడింది

క్యాజువాలిటీలో రద్దీ అనగానే, "జలుబుకీ, దగ్గుకీ కూడా ఇక్కడికే వస్తారు, అందుకే ఈ గుంపు" అనే మాట వినిపిస్తుంది. ఇది వినడానికి నిజంలా ఉంటుంది. కెనడాలోని ఆంటారియోలో పరిశోధకులు దీన్ని లెక్కగట్టి చూశారు. 2007లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం, ఎనిమిది గంటల షిఫ్టులో చిన్నచిన్న బాధలతో పదిమంది అదనంగా వచ్చినా, మిగతా రోగులు అత్యవసర విభాగంలో గడిపే సమయం సగటున 5.4 నిమిషాలే పెరిగింది. జలుబువాణ్ణి చూసి పంపించడానికి మంచం అక్కర్లేదు. గంటలు మింగేది వాళ్లు కాదు.

మింగేది ఏమిటి? ఇన్‌పేషెంటుగా చేర్చుకోవాలని నిర్ణయం జరిగిపోయి, పైన వార్డులో పడక దొరక్క క్యాజువాలిటీలోనే ఉండిపోయిన రోగులు. వాళ్లు కదిలితే తప్ప కొత్తవాడికి స్ట్రెచర్ దొరకదు. పొలంలో నీళ్లు నిలిచిపోతే రైతు పై మడి దగ్గర నిలబడి చూడడు, చివరి మడి దగ్గరికి వెళ్లి గండి కొడతాడు. ఆసుపత్రిలో ఆ చివరి మడి వార్డు డిశ్చార్జి.

మన పెద్దాసుపత్రిలో డిశ్చార్జి ఎలా జరుగుతుందో చూడండి. యూనిట్ చీఫ్ రౌండ్స్ పదింటికో పదకొండింటికో మొదలవుతాయి. "ఈయన్ని పంపించేయొచ్చు" అంటారు. ఆ కాగితం రాయాల్సిన హౌస్ సర్జన్ అప్పటికి ఓపీలోనో, థియేటర్లోనో ఉంటారు. ఆరోగ్యశ్రీ కేసైతే దాని కాగితాలు వేరే. మందులు తెచ్చుకునేసరికి మధ్యాహ్నం గడిచిపోతుంది. ఊరికి చివరి బస్సు వెళ్లిపోతుంది. "రేపు పొద్దున పోతాం సిస్టర్" అంటే కాదనే మనసు ఏ సిస్టర్‌కు ఉంటుంది? ఆ రాత్రి కోలుకున్న మనిషి పడక మీద, తల పగిలిన మనిషి కింద గుమ్మంలో. ఇద్దరి తప్పూ లేదు.

ఈ ఆలస్యం ఖరీదెంతో ఇంగ్లండ్ లెక్క తీసింది. అక్కడ యాభై లక్షలకు పైగా రోగుల రికార్డులు పరిశీలించి 2022లో ప్రకటించిన అధ్యయనం ఇలా తేల్చింది: ఆసుపత్రికి వచ్చినప్పటి నుంచి 6 నుంచి 8 గంటలు దాటినా వార్డు పడక దొరకని ప్రతి 82 మందిలో ఒకరు, నెలలోపు, అదనంగా చనిపోతున్నారు. దెబ్బ వల్లో జబ్బు వల్లో తప్పక పోవాల్సినవాళ్లు వీళ్లు కారు. ఆలస్యం వల్ల పోయినవాళ్లు.

న్యూయార్క్ రాష్ట్రంలోని స్టోనీబ్రూక్ ఆసుపత్రిలో పీటర్ విచెల్లియో అనే డాక్టరు ఒక పని చేశారు. అత్యవసర విభాగం నిండిపోయినప్పుడు, అడ్మిషన్ అయినవాళ్లను పైవార్డుల వరండాల్లోకి, వార్డుకు ఒకరిద్దరి చొప్పున పంచేశారు. కింద పాతికమంది ఒకే చోట మగ్గేకంటే పైన పది వార్డులు తలా కొంత భారం మోయడం మేలన్నది ఆయన వాదన. రోగులను అడిగితే వాళ్లూ పై వరండానే మేలన్నారు. చిత్రమేమిటంటే, వరండాలోకి మనిషి రాగానే చాలాసార్లు వార్డులో పడక దొరికేది. భారం కళ్ల ముందుకు వస్తే డిశ్చార్జి కాగితం త్వరగా కదులుతుంది.

నాలుగు గంటల పాఠం

ఇంగ్లండ్ ప్రభుత్వం 2000లో ఒక మాట ఇచ్చింది. 2004 చివరికల్లా అత్యవసర విభాగానికి వచ్చిన ఎవరైనా నాలుగు గంటల్లోపు ఇంటికో, వార్డుకో, మరో ఆసుపత్రికో చేరాలి. ఆ తర్వాత వైద్య కారణాలకు వెసులుబాటు ఇస్తూ దాన్ని 98 శాతం మందికి అని సవరించారు. ఆసుపత్రులు నిజంగానే ఆ గీత అందుకున్నాయి. ఎందుకు అందుకోగలిగాయంటే, నాలుగు గంటల గడియారం క్యాజువాలిటీ డాక్టరొక్కడి మెడకు కట్టలేదు. పడకలు ఖాళీ చేయాల్సిన వార్డులు, రిపోర్టు ఇవ్వాల్సిన ల్యాబులు, చివరికి ఆసుపత్రి పెద్ద కూడా దానికి జవాబుదారీ. ఈ నిబంధన వల్ల దాని పరిధిలోకి వచ్చిన రోగులకు సుమారు 20 నిమిషాలు తగ్గాయనీ, వారిలో మరణాలు కూడా తగ్గాయనీ ఆర్థికవేత్తలు తర్వాత లెక్కగట్టారు.

దాని చీకటి కోణం కూడా చెప్పాలి. నాలుగో గంట నిండబోయే ఆఖరి నిమిషాల్లో రోగులను హడావుడిగా కదిలించడం రికార్డుల్లో స్పష్టంగా కనిపించింది. అక్కడి స్టాఫర్డ్ ఆసుపత్రిలో రోగులకు జరిగిన దారుణాల మీద 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదిక, లక్ష్యాల వెంట పడి రోగిని మరిచిపోయిన తీరును ఎండగట్టింది. 2010లో ఆ గీతను 95 శాతానికి తగ్గించారు. 2015 తర్వాత దాన్ని కూడా దేశం మొత్తం మీద అందుకోలేకపోయారు. సిబ్బందినీ, పడకలనూ పెంచకుండా గడియారాన్ని మాత్రమే చూస్తే ఏమవుతుందో అక్కడి వరండాల్లో స్ట్రెచర్ల మధ్య పనిచేస్తున్న మన తెలుగు డాక్టర్లకు బాగా తెలుసు.

అయినా ఆ దేశం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. అక్కడ ఎంతమంది ఎంతసేపు ఆగారో నెలనెలా, ఆసుపత్రి పేరుతో సహా ప్రకటిస్తారు. సిగ్గుపడాల్సిన లెక్కయినా దాచరు. మన పెద్దాసుపత్రులు అలాంటి లెక్కను ప్రజల ముందు పెట్టవు.

మన గడియారం ముందే మొదలవ్వాలి

ఇంకో తేడా ఉంది, అది మనకు ప్రాణాంతకమైన తేడా. ఇంగ్లండ్ గడియారం ఆసుపత్రి గుమ్మంలో మొదలవుతుంది. మన రోగి పెద్దాసుపత్రి గుమ్మం తొక్కేసరికే రెండు మూడు ఆసుపత్రులు తిరిగి ఉంటాడు. పీహెచ్‌సీ నుంచి ఏరియా ఆసుపత్రికి, అక్కడ్నుంచి జిల్లాకు, జిల్లా నుంచి గాంధీకో, ఉస్మానియాకో, వరంగల్ ఎంజీఎంకో, విశాఖ కేజీహెచ్‌కో. ప్రతిచోటా ఒక చీటీ, ఒక సెలైన్, "పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అన్న ఒక మాట. పంపేవాళ్లు ముందుగా ఫోన్ చేసి అక్కడ పడక ఉందో లేదో కనుక్కోవడం అరుదు.

1992 జూలై 8 రాత్రి పశ్చిమ బెంగాల్‌లోని మథురాపూర్ స్టేషన్లో హకీం షేక్ అనే కూలి రైల్లోంచి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయం. ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వ ఆసుపత్రులు తిప్పారు. ఒకచోట వసతి లేదు, ఇంకోచోట పడక లేదు. చివరికి ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు పెట్టి వైద్యం చేయించుకుని బతికాడు. ఆయన తరఫున కూలీల సంఘం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996లో కోర్టు 25 వేల రూపాయల పరిహారం ఇప్పించింది. అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనంది. అంతటితో ఆగలేదు. ఎక్కడ పడక ఖాళీగా ఉందో వెంటనే తెలిసేలా రాష్ట్ర స్థాయి ఆసుపత్రులన్నిటికీ కలిపి ఒక సమాచార వ్యవస్థ పెట్టమంది.

ఆ మాటకు ముప్పై ఏళ్లు. అది అసాధ్యమేమీ కాదని 2021 కోవిడ్ రెండో అలలో మనమే రుజువు చేసుకున్నాం. రెండు తెలుగు రాష్ట్రాలూ ఆసుపత్రుల వారీగా ఆక్సిజన్ పడకలు ఎన్ని ఖాళీ ఉన్నాయో ఇంటర్నెట్‌లో పెట్టాయి. లెక్కల్లో తప్పులు దొర్లాయి, నిజమే. కానీ వ్యవస్థ నిలబడింది. ఉపద్రవం తగ్గగానే ఆ అలవాటు వదులుకున్నాం. వదులుకోకుండా ఉండాల్సింది.

రిఫర్ చేసే చోటే చికిత్స మొదలుపెట్టడం ఇంకో దారి. ఆంధ్రప్రదేశ్‌లో 2023లో మొదలైన స్టెమీ కార్యక్రమం అదే చేస్తోంది. గుండెపోటుతో వచ్చినవారి ఈసీజీని చిన్న ఆసుపత్రి నుంచి పెద్దాసుపత్రి కార్డియాలజిస్టుకు పంపుతారు. ఆయన సరేనంటే రక్తపు గడ్డను కరిగించే, సుమారు 40 వేల రూపాయల ఇంజెక్షన్ అక్కడే ఉచితంగా ఇస్తారు. ఆ తర్వాతే తరలింపు. దారిలో కరిగిపోయే గంట ఇలా చికిత్సలో భాగమైపోతుంది.

తమిళనాడు ప్రమాదాల విషయంలో ఇంకాస్త ముందుకెళ్లింది. అంబులెన్స్ బయల్దేరగానే ఆసుపత్రికి కబురు వెళ్లడం, గుమ్మంలో రంగుల వారీ విభజన, ఎరుపు కేసులకు విడి గది, ఇవన్నీ 'టీఏఈఐ' అనే కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే పెట్టారు. 2021 డిసెంబరు నుంచి అక్కడి రోడ్ల మీద ప్రమాదానికి గురైన ఎవరికైనా, ఏ రాష్ట్రం వాళ్లకైనా, మొదటి 48 గంటల చికిత్స ఉచితం. చెన్నైకి, వేలూరుకు, తిరువణ్ణామలైకి కార్లలో వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ సంగతి గుర్తుపెట్టుకోవడం మంచిది.

> వెంట వెళ్లేవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి
>
> మూతి వంకరపోవడం, చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే పక్షవాతమని అనుమానించండి. రోగి మామూలుగా ఉండగా చివరిసారి ఎవరు, ఎన్ని గంటలకు చూశారో డాక్టరుకు చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ సమయం మీదే ఆధారపడుతుంది. సాధారణంగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి.
>
> వాడుతున్న మందుల చీటీ, పాత ఈసీజీ వెంట తీసుకెళ్లండి. పురుగుమందు కేసైతే డబ్బా కూడా.
>
> చుట్టాలందరూ లోపలికి వెళ్లకండి. మాట్లాడగలిగే ఒక్కరు రోగి దగ్గర, చీటీ కోసం ఒక్కరు చాలు.
>
> కూర్చున్నాక పరిస్థితి మారితే, అంటే మగత, ఆయాసం, చల్లటి చెమటలు కనిపిస్తే, మన వరస వచ్చేదాకా ఆగకుండా వెంటనే సిస్టర్‌కు చెప్పండి.

పొద్దున పదకొండింటికల్లా

కొత్త భవనాలు రావాలి. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రి కోసం గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. సంతోషమే. కానీ ఎంత పెద్ద కొత్త భవనంలోనైనా డిశ్చార్జి సాయంత్రమే జరిగితే రాత్రి గుమ్మంలో ఇదే గుంపు ఉంటుంది.

ఇప్పుడున్న గోడల మధ్యే చేయగలిగినవి చాలా ఉన్నాయి. రేపు ఎవరిని పంపించాలో ఈ రాత్రే తేల్చి కాగితం రాసి ఉంచితే, పొద్దున పదకొండింటికల్లా పడక ఖాళీ అవుతుంది, రోగి పగటి బస్సులో ఇల్లు చేరతాడు. చీటీ కౌంటరు మనిషే రోగి మంచం దగ్గరికి వచ్చి వివరాలు రాసుకుంటే, కొడుకు తండ్రి పక్కనే ఉంటాడు. ఎమ్మెల్సీ కబురు అవుట్‌పోస్టుకు ఆసుపత్రే పంపాలి. 108 తెచ్చిన స్ట్రెచర్‌కు బదులుగా ఒక ఖాళీ స్ట్రెచర్ గుమ్మంలో సిద్ధంగా ఉంటే, ఆ బండి ఇంకో ఊరి ప్రాణం కోసం వెంటనే బయల్దేరుతుంది. రాత్రి షిఫ్టులో కూడా ఒక సీనియర్ డాక్టరు గుమ్మం దగ్గరే ఉండాలి. ఆ హౌస్ సర్జన్ పిల్ల ఒక్కతే అంత బరువు మోయకూడదు. ఇది ఆమెకూ, ఆమె కోసం ఎదురుచూసే వాళ్లకూ జరుగుతున్న అన్యాయం.

వీటన్నిటికంటే ముందు జరగాల్సింది మూడు సమయాలు రాయడం. మనిషి గుమ్మంలోకి వచ్చిందెప్పుడు, డాక్టరు చూసిందెప్పుడు, వార్డుకో ఇంటికో కదిలిందెప్పుడు. రిఫర్ అయి వచ్చినవాళ్లకు నాలుగోది కూడా కావాలి: మొదటి ఆసుపత్రి గుమ్మం తొక్కిందెప్పుడు. కేసు షీటు మీద నాలుగు గడులు చాలు. నెల చివర ఆ లెక్క ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశంలో కలెక్టరు ముందు పెట్టి, క్యాజువాలిటీ బయట బోర్డు మీద కూడా రాయాలి. ఏ గంట ఎక్కడ పోతోందో అప్పుడు తెలుస్తుంది. స్కాన్ గదిలోనా, థియేటర్లోనా, వార్డు డిశ్చార్జిలోనా, ఏరియా ఆసుపత్రి రిఫరల్ చీటీలోనా. ఇందుకు కొత్త చట్టం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. సూపరింటెండెంట్ సంతకంతో ఒక సర్క్యులర్ చాలు, వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టొచ్చు.